చివరి బిగింపు

బండి గేటు దాటకముందే మేస్త్రికి తెలిసిపోయింది.

షెడ్డు ముందున్న స్పీడు బ్రేకరు ఎక్కేటప్పుడు కిర్రుమంది. దిగేటప్పుడు టక్కుమంది. ఏడుగురు కూర్చునే పెద్ద బండి, తెల్లది, వెనకద్దం నిండా పిల్లలు అంటించిన స్టిక్కర్లు. మూడు వారాల కింద ఇదే షెడ్డు నుంచి చప్పుడు లేకుండా వెళ్ళిన బండి.

ముందు ఎడమ చక్రం. చక్రాన్ని పట్టుకునే లోయర్ ఆర్మ్. దాని వెనక బుష్, కీలులో ఉండే రబ్బరు. ఇంకొకడైతే లింకు రాడ్డా, స్ట్రట్ మౌంటా, బాల్ జాయింటా అని పూటంతా వెతుక్కుంటాడు. ముప్పయ్యేళ్ళుగా చప్పుళ్ళు విని అన్నం తింటున్న మనిషికి ఆ వెతుకులాట అక్కర్లేదు. పైగా అది తన చేతిపని. తన చేతిపని ఏడుస్తుంటే గుర్తుపట్టనివాడెవడు?

బండి నడిపేది లెక్కల టీచరు. దిగి తలుపు వేసి, రెండు చేతులూ కట్టుకుని నిలబడింది.

"మళ్ళీ వచ్చాం మేస్త్రి గారూ. నేను చెప్పనా, మీరే చెబుతారా?"

ముందు సీట్లో ఆవిడ తండ్రి ఉన్నాడు. నడుముకి ఆపరేషనై రెండు నెలలు. తలుపు మీది పిడిని పట్టుకున్న చెయ్యి బండి ఆగినా వదల్లేదు.

"ఏమయ్యా, గతుకొచ్చినప్పుడల్లా విరుగుతున్నది నా నడుమా, ఈ బండా అని తేల్చుకోలేక చస్తున్నాను. ఏదో ఒకటి ఖాయం చేసి చెప్పు. రెండోది మర్చిపోతాను."

మేస్త్రికి నవ్వు రాలేదు. "ఒక రౌండు వేద్దాం" అన్నాడు.

అవసరం లేని రౌండు. అయినా వేశాడు. స్పీడు బ్రేకరుని ఏటవాలుగా, ఒక్కో చక్రంతో విడివిడిగా ఎక్కించాడు. కుడి చక్రానికి చప్పుడు లేదు. ఎడమ చక్రానికి ఉంది. తిరిగొచ్చి, బండి నిలబెట్టి స్టీరింగుని ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పమని టీచరమ్మకి చెప్పి, తను చక్రం వెనక చెయ్యి దూర్చి స్ప్రింగు మీద అరచెయ్యి పెట్టాడు. స్ప్రింగు నిమ్మళంగా ఉంది. బానెట్టు మీద రెండు చేతులూ మోపి బండిని నొక్కి వదిలాడు. కిర్రుమంది. ఇంకోసారి నొక్కాడు. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు నిజం చెబుతోంది ఆ ముండ రబ్బరు.

"ఎడమవైపే కదా?" అంది టీచరమ్మ. "మొదటిసారి వచ్చినప్పుడూ అదే చెప్పాను. మీరు నవ్వి, 'మేడమ్, చప్పుడు ఒకవైపు పుడుతుంది, ఇంకోవైపు వినబడుతుంది' అన్నారు. నమ్మింది మీ ఫిట్టరమ్మ ఒక్కతే."

ఫిట్టరమ్మ అప్పటికే వేస్టు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. ముప్పై ఐదేళ్ళ మనిషి. ఆ షెడ్డులో పానా పట్టిన ఆడది ఆమె ఒక్కతే. ఆరేళ్ళు పనిచేసింది. వచ్చే ఒకటో తారీకు నుంచి బండ్లని పైకెత్తే రెండో లిఫ్టు ఆమె చేతికి ఇస్తామన్నారు. లిఫ్టు చేతికొస్తే బండి ఆమెది, నిర్ణయం ఆమెది. ఎవరో చెప్పింది చేసే బతుకు పోయి, తను చూసింది చేసే బతుకు వస్తుంది.

"బాబాయ్, వెనక బుష్షే కదా?" అంది మెల్లగా.

"చూడాలి" అన్నాడు మేస్త్రి, ఆమెవైపు చూడకుండా.

అద్దాల గదిలోంచి ఓనరు వచ్చాడు. తండ్రి పోయాక షెడ్డు చేతికొచ్చిన కుర్ర ఓనరు. ఇస్త్రీ చొక్కా. ఇంజను పక్కన నిలబడితే రెండడుగుల దూరం పాటించే మనిషి. పాత పని కార్డు వెంట తెచ్చాడు.

"ఎవరు చేశారిది? ఆఁ, ఇదిగో సంతకం." ఫిట్టరమ్మ వైపు కార్డు ఆడించాడు. "బోల్టు లూజుగా వదిలేశావా?"

"లేదు సార్."

"మరి చప్పుడెందుకొస్తోంది? పాట పాడుతోందా?" టీచరమ్మ వైపు తిరిగి నవ్వాడు. "సారీ మేడమ్. గాజుల చేత్తో బిగిస్తే ఇలాగే ఏడుస్తుంది."

టీచరమ్మ తన చేతిగాజుల వంక ఒకసారి చూసుకుంది.

ఫిట్టరమ్మ మేస్త్రి వైపు చూసింది. బతిమాలే చూపు కాదది. 'చెప్పు మరి' అన్నట్టు, మామూలుగా, పానా అందుకోవడానికి చెయ్యి చాపినట్టు చూసింది.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. విప్పడం, మార్చడం, ఎక్కించడం ఫిట్టరు పని. ముఖ్యమైన బోల్టులకి చివరి బిగింపు మాత్రం మేస్త్రిది. అది ఆయన హోదా. కార్డు మీద సంతకం ఫిట్టరుది. మేస్త్రి సంతకం పెట్టడు. ఎందుకు పెట్టడో ఎవరూ అడగలేదు.

మేస్త్రి నోరు తెరిచాడు. గొంతు దాకా వచ్చింది మాట. ముప్పయ్యేళ్ళ పేరు, కుర్ర ఓనరు ముందు, బండివాళ్ళ ముందు. వేస్టు గుడ్డ కోసం జేబు తడుముకున్నాడు. దొరికింది. శుభ్రంగా ఉన్న చేతుల్నే తుడుచుకున్నాడు.

"విప్పి చూస్తాను సార్" అన్నాడు.

"చూడండి మేస్త్రి గారూ, ఈసారి మీరే స్వయంగా చూడండి." ఓనరు కార్డుని మడిచాడు. "నువ్వు ఇవాళ్టి నుంచి వాషింగులో ఉండమ్మాయ్. లిఫ్టు సంగతి తర్వాత మాట్లాడదాం."

ఫిట్టరమ్మ చేతిలోని పానాని ట్రేలో పెట్టింది. విసరలేదు. సైజు చూసుకుని, దాని వరసలో పెట్టి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మేస్త్రి వాషింగు వైపు వెళ్ళాడు. అటు ఏ పనీ లేదు. పని ఉన్నవాడిలాగే నడిచాడు. ఫిట్టరమ్మ పాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని ఒక వ్యాను కింద నీళ్ళు కొడుతోంది.

"ఏమ్మా, కోపమా?"

"కోపమెందుకు మేస్త్రీ? నీళ్ళు చల్లగా ఉన్నాయి."

ఆరేళ్ళలో ఆమె ఆయన్ని మేస్త్రీ అనడం అదే మొదలు. బాబాయ్ అనే మాట నీళ్ళతోబాటు కాలవలోకి పోయినట్టుంది.

"ఓనరుతో నేను మాట్లాడతాలే. రెండ్రోజులు ఓపిక పట్టు."

ఆమె నీళ్ళు కట్టేసింది. షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. "ఏం మాట్లాడతారు?"

మేస్త్రి జేబులోని గుడ్డ తీసి మళ్ళీ చేతులు తుడుచుకున్నాడు.

"ఆ రోజు ర్యాంపు మీద వేరే బండి ఉంది. దీన్ని లిఫ్టు మీదే పెట్టాం. చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. ఇప్పుడు బిగిస్తే రబ్బరు ఈ వంకరలోనే ఇరుక్కుంటుంది, దింపగానే మెలిబడుతుంది, బరువు మీద పెట్టి బిగిద్దాం అన్నానా లేదా?"

"అన్నావ్."

"మీరేమన్నారు?"

ఆయన నేల వంక చూశాడు. నురగ ఆయన చెప్పుల చుట్టూ చేరింది.

"గుర్తు లేదా? నేనే చెబుతా. 'నువ్వు పుట్టకముందు నుంచి బిగిస్తున్నా, పోయి టైర్లు ఎక్కించు' అన్నారు. పోయి ఎక్కించాను. వచ్చి సంతకం కూడా పెట్టాను. నాకు బుద్ధి లేదు."

"ఓనరు ఆ రోజు తొందరపెట్టాడమ్మా..."

"తొందర నాకూ పెట్టాడు. నేను దింపుదామనే అన్నాను." గొట్టం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "లిఫ్టు వస్తోందని మా అమ్మ వీధి వీధంతా చెప్పుకొచ్చింది. ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి రావట్లేదని చెప్పి రావాలి పాపం. మోకాళ్ళ నొప్పుల మనిషి. తప్పుకోండి, తడుస్తారు."

మేస్త్రి తప్పుకున్నాడు. తప్పుకోవడం ఆ రోజు ఆయనకి బాగా అలవాటైంది.

మర్నాడు పొద్దున్నే బండిని తనే లిఫ్టు ఎక్కించాడు. సాయం వస్తామన్నవాళ్ళని పొమ్మన్నాడు. ఎడమ చక్రం విప్పి, పొడవాటి ఇనప కడ్డీతో ఆర్మ్‌ని ఎత్తి చూశాడు. రబ్బరు నోరు తెరుచుకుంది. బోల్టు లూజుగా ఉండి చెడిపోయిన బుష్ అలా ఉండదు. దాని రంధ్రం అరిగి మెరుస్తుంది. ఇది మెలికలో నలిగి, మెలిక తిరిగిన వైపే ఏటవాలుగా చిరిగింది. ఈ పని తెలిసినవాడు ఎవడు చూసినా, ఇది గాల్లో బిగించిన వెధవ పని అని ఒక్క చూపులో చెబుతాడు. వేలిముద్రలంత స్పష్టంగా ఉంది.

పాత బుష్‌ని తుక్కు డ్రమ్ములోకి వేసి, పైన రెండు ఫిల్టర్లు పడేశాడు. మధ్యాహ్నం తుక్కు బండి వచ్చి ఎత్తుకుపోయింది.

కొత్త బుష్ ఎక్కించాడు. ఈసారి ఆర్మ్ కింద జాకీ పెట్టి, చక్రం నేల మీద నిలబడితే ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకి లేపి, కొలిచి, అప్పుడు బిగించాడు. ఎంత తేలికైన పని! పావుగంట. ఆ పావుగంట మూడు వారాల కింద ఏ నోటితో వద్దన్నాడో ఆ నోరు ఎండిపోయింది.

తర్వాత కుడివైపు వెళ్ళాడు. అదీ ఆ రోజు గాల్లో బిగించిందే. ఇంకా చిరగలేదు. ఇంకో నెలకో రెండు నెలలకో చిరుగుతుంది. బోల్టు మీద పానా పెట్టాడు. తలెత్తితే అద్దాల గదిలోంచి ఓనరు చూస్తున్నాడు. కుడివైపెందుకు విప్పుతున్నారని అడిగితే? ఫిట్టరమ్మ ఎడమ బోల్టు లూజుగా వదిలిందన్న అబద్ధానికి కుడివైపు పని ఉండదు. అబద్ధం నిలబడాలంటే కుడి బుష్ అలాగే చావాలి.

పానా తీసేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే, ఎదురుగా బట్టలు మడతపెడుతున్న భార్య ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాడు. మళ్ళీ అడిగింది. వేరే షెడ్డులో జరిగిందని చెప్పి మొత్తం చెప్పాడు. ఒక మేస్త్రి, ఒక ఫిట్టరు, ఒక బోల్టు.

"ఆ మేస్త్రికి సిగ్గు లేదా?" అంది ఆమె, చొక్కా దులుపుతూ.

"ఉన్నట్టే ఉంది."

"ఉండి ఏం చేస్తున్నాడు, బీరువాలో పెట్టి తాళం వేశాడా?"

ఆయన నీళ్ళు తాగాడు.

"ఎక్కడా షెడ్డు?"

"దూరం."

"అంత దూరం సంగతికి నీ తిండెందుకు మానేశావు?"

గ్లాసు కింద పెట్టడం కూడా ఆయనకి చేతకాలేదు. చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఆమె దులిపిన చొక్కా ఆయనదే. మడతపెట్టి పక్కన పెట్టింది. ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది ఆయనకి.

మూడో రోజు పదిన్నరకి టీచరమ్మ వచ్చింది. తండ్రినీ తెచ్చింది. బండిని ఆవిడే నడిపి రౌండు వేసుకొచ్చింది. స్పీడు బ్రేకరు మీద చప్పుడు లేదు. ఏటవాలుగా ఎక్కినా లేదు. పెద్దాయన పిడి మీది చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తేలిపోయిందయ్యా. విరిగింది నా నడుము కాదు" అన్నాడు సంబరంగా.

ఓనరు ఎదురొచ్చాడు. "మా మేస్త్రి గారు చెయ్యి పెట్టారంటే అంతే మేడమ్. బోల్టు లూజుగా వదిలిందామె. వాషింగులో పెట్టేశాం, మళ్ళీ లిఫ్టు జోలికి రానివ్వం."

టీచరమ్మ మొహం ముడుచుకుంది. "అయ్యో, అంత పని ఎందుకు చేశారు? నా మూలంగానా?"

"మీరు బాధపడకండి. పని రానివాళ్ళని..."

"తప్పు నాది" అన్నాడు మేస్త్రి.

మాట బయటికొచ్చాక ఆయనకే ఆశ్చర్యమేసింది. ఇంత చిన్న మాటా?

"బోల్టు లూజుగా లేదు మేడమ్. గట్టిగానే ఉంది. బిగించింది నేను. బిగించకూడని పొజిషన్లో బిగించాను. ఆమె వద్దంది కూడా."

ఓనరు ఒక్క క్షణం ఆగి, పెద్దగా నవ్వి మేస్త్రి భుజం మీద చెయ్యి వేశాడు. "చూశారా మేడమ్? ఈయన ఇంతే. కిందివాళ్ళ మీద ఈగ వాలనివ్వరు. వాళ్ళ తప్పులన్నీ తన నెత్తిన వేసుకుంటారు."

టీచరమ్మ మొహం విప్పారింది. "ఈ రోజుల్లో ఇంత మంచి మనసు ఎవరికుంటుంది మేస్త్రి గారూ?"

కారులోంచి పెద్దాయన రెండు చేతులూ ఎత్తబోయాడు, దండం పెట్టడానికి.

మేస్త్రికి ఒళ్ళంతా తేళ్ళూ జెర్రులూ పాకినట్టయింది. పెద్ద మేస్త్రి అంటే ఇదన్నమాట. తప్పు ఒప్పుకున్నా తప్పు అంటదు. ఫిట్టరమ్మ నిజం చెబితే సాకు. తను నిజం చెబితే గొప్పతనం. బురదలో దూకినా ఈ మనుషులు తనని ఎత్తి, తుడిచి, దండ వేసేలా ఉన్నారు.

"దండం పెట్టకండి!" అరిచినట్టే అన్నాడు. పెద్దాయన చేతులు గాల్లో ఆగిపోయాయి. "కుడివైపు కూడా అలాగే బిగించాను. అది ఇంకా చిరగలేదు. చిరుగుతుంది. తెలిసి, విప్పకుండా, అలాగే మిమ్మల్ని పంపేస్తున్నాను. విప్పితే నా బండారం బయటపడుతుందని."

ఓనరు చెయ్యి భుజం మీది నుంచి జారింది.

"బండి ర్యాంపు ఎక్కించండి" అన్నాడు మేస్త్రి. "ఫిట్టరమ్మని పిలవండి. నేను చూపిస్తే మళ్ళీ నన్నే మెచ్చుకుంటారు. ఆమె చూపించాలి."

ఫిట్టరమ్మ తడి చేతులతో వచ్చింది. ఏమిటని అడగలేదు. ర్యాంపు మీద బండి నాలుగు చక్రాల మీదా బరువు మోపి నిలబడి ఉంది. ర్యాంపు కింది గుంటలోకి దిగి, లైటు తగిలించి, టీచరమ్మని రమ్మంది. టీచరమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దిగింది.

"ఇదిగో మేడమ్, కుడి చక్రాన్ని పట్టుకునే చెయ్యి ఇది. ఇది దాని కీలు. మధ్యలో రబ్బరు, రబ్బరు మధ్యలో ఇనప గొట్టం, గొట్టంలోంచి బోల్టు." సుద్ద తీసుకుని గొట్టం అంచు మీద, దాన్ని పట్టుకున్న బ్రాకెట్టు మీద కలిసేలా ఒక గీత గీసింది. "ఈ గీత గుర్తుపెట్టుకోండి."

పానా బోల్టుకి తగిలించి, పైకి చూసింది.

"సార్, ఒకసారి మీరు రండి. లూజుగా వదిలానేమో తిప్పి చూడండి."

ఓనరు రాకుండా ఉండాలనుకున్నాడు. టీచరమ్మ చూస్తోంది. పెద్దాయన కిటికీలోంచి మెడ చాచి చూస్తున్నాడు. దిగాడు. పానా పట్టుకుని లాగాడు. మొహం ఎర్రబడింది, ఇస్త్రీ చొక్కాకి గ్రీజు అంటింది, బోల్టు మాత్రం కదల్లేదు.

"గాజులు లేవుగా మీకు, అందుకేనేమో" అంది టీచరమ్మ.

ఫిట్టరమ్మ నవ్వలేదు. పానా కొసకి పొడవాటి పైపు తొడిగి, కాలు గోడకి తన్నిపెట్టి ఒక్క గుంజు గుంజింది. టప్ మంది. అందరూ ఉలిక్కిపడ్డారు. గొట్టం తనంతట తను తిరిగింది. ఒక్క గీత రెండు గీతలైంది. మధ్య గోరు వెడల్పు ఎడం.

"అంటే మూడు వారాలుగా మెలి తిరిగే ఉందన్నమాట" అంది టీచరమ్మ.

"అవును మేడమ్. నిలబడ్డా మెలికే, నడిచినా మెలికే."

"మరి కార్డు మీద సంతకం ఎవరిది?"

"నాది."

"బిగించింది?"

మేస్త్రి పైనుంచి "నేను" అన్నాడు.

ఓనరు చొక్కా దులుపుకున్నాడు. "అది మా షెడ్డు పద్ధతి మేడమ్. మా నాన్నగారి నాటి నుంచి..."

"పరీక్ష ఒకరు రాసి పేరు ఇంకొకరిది పెడితే మా బళ్ళో ఇద్దర్నీ బయటికి పంపుతాం. మీ పద్ధతిలో రాయనిదాన్ని పంపేస్తారన్నమాట. బాగుంది."

ఫిట్టరమ్మ ఆ బోల్టుని అక్కడే, బరువు మీదే మళ్ళీ బిగించింది. చివరి బిగింపు కూడా ఆమే. రబ్బరు ఇంకా బాగానే ఉంది, చప్పుడొస్తే ఏ రోజైనా రమ్మంది. కార్డు ఎవరూ తేలేదు. బండి వెళ్ళేటప్పుడు పెద్దాయన మేస్త్రికి దండం పెట్టలేదు. చూసి, మొహం తిప్పుకున్నాడు. మేస్త్రికి మూడు రోజుల్లో మొదటిసారి ఊపిరి ఆడింది.

ఓనరు గదిలోకి పోతూ, "సరేలే అమ్మాయ్, లిఫ్టు సంగతి ఒకటో తారీకున చూద్దాం" అన్నాడు. ఇస్తాననలేదు. ఇవ్వననలేదు.

ఆమె వాషింగు వైపు నడిచింది. అక్కడ సగం కడిగిన కారు ఉంది. సబ్బు ఆరితే మరకలు పడతాయి. మేస్త్రి వెనకాలే వెళ్ళాడు. ఏదో అంటుందని ఆగాడు. ఆమె బకెట్టు లాక్కుని పని మొదలెట్టింది.

"అమ్మా..."

"మొన్న చెబితే ఒక్క మాటతో పోయేది మేస్త్రీ. రెండు రోజులు ఆగి చెప్పారు. ఈ రెండు రోజులూ అందరూ నన్ను చూసి నవ్వారు. రేపు మిమ్మల్ని చూసి ఎవరూ నవ్వరు. మెచ్చుకుంటారు."

నిజమే. తీగ మీది గుడ్డ తీసుకుని, కారు రెండోవైపు తిరిగి, తలుపు తుడవడం మొదలుపెట్టాడు. పెయింటు గది దగ్గరున్న ఇద్దరు పని ఆపి చూశారు. చూడనిచ్చాడు.

ఆమె వద్దనలేదు. రమ్మననూ లేదు. తనవైపు పూర్తి చేసుకుని చుట్టూ తిరిగి వచ్చింది. ఆయన తుడిచిన తలుపు తెరిచి, వంగి, కింది అంచు మీద వేలు పెట్టి గీసింది. వేలికి మట్టి అంటింది. ఆ వేలిని ఆయన ముందు పెట్టింది.

"మళ్ళీ తుడవండి" అంది.

మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని, మళ్ళీ తుడిచాడు.